ఇంటి వెనక మొరం నేల: జీలుగ చల్లితే నిజంగా బాగుపడుతుందా?

ఇంటివెనక_40గజాలు (మే 24)

నమస్తే అండీ అందరికీ. పోయినేడు ఘట్‌కేసర్ అవతల ఇల్లు కట్టుకుని వచ్చాం. వెనకాల ప్రహరీ దాకా 40 గజాల జాగా కూరగాయలకని పట్టుబట్టి వదిలించాను. మావారు అక్కడ కారు షెడ్డు వేద్దామన్నారు, నేను ఒప్పుకోలేదు, ఇప్పుడు ఆ మాట వారానికోసారి వినాల్సి వస్తోంది, ఎందుకంటే అక్కడ ఏదీ బతకడం లేదు.

పునాదులు తవ్వినప్పుడు అడుగున ఉన్న మొరం అంతా పైకొచ్చింది, పైన ఉన్న కాస్త మంచి మన్నూ ఎటు పోయిందో తెలియదు. దాని మీద ఏడాది పాటు కంకర, ఇసుక, సిమెంటు బస్తాలు, సెంట్రింగ్ కర్రలు. గడ్డపార వేస్తే ఠంగుమని ఎగిరొస్తుంది. పోయిన వానాకాలం టమాటా, వంగ, బెండ పెట్టాను. టమాటా జానెడు ఎదిగి ఆకుల అడుగు ఊదా రంగుకు తిరిగి అక్కడే ఆగిపోయింది. వంగ మొక్కలన్నీ కలిపి రెండు కాయలు. బెండ పీకి చూస్తే వేరు బొటనవేలంత కిందికి దిగి అక్కణ్ణుంచి పక్కకు తిరిగింది, కింద బండ పరిచి ఉన్నట్టు. మొన్న చిన్న గుంట తీసి సాయంత్రం బకెట్ నీళ్లు పోస్తే తెల్లారి కూడా అందులో నీళ్లు నిలబడే ఉన్నాయి.

మా మేనమామ జీలుగ చల్లి, పచ్చిగా ఉండగానే కోసి మట్టిలో కలిపెయ్, అదే పచ్చిరొట్ట ఎరువు అంటున్నాడు. వరి పొలాల్లో చేస్తారని తెలుసు కానీ ట్రాక్టర్ లేకుండా, ఇంటి వెనకాల, ఇంత చిన్న జాగాలో అది అయ్యే పనేనా? ఎంత విత్తనం కావాలి, ఎప్పుడు కోయాలి, ఈ వానాకాలం కూరగాయలు పూర్తిగా వదులుకోవాలా? యూరియా, డీఏపీ వేసే ఉద్దేశం లేదు, పిల్లలు తినే కూరలు.

గత్తం_బస్తా (మే 24)

ఇంత కష్టం ఎందుకండీ. రెండు ట్రాక్టర్ల చెరువు మట్టి, ఒక ట్రాక్టర్ పశువుల పెంట దింపించుకోండి, అడుగు ఎత్తున మడులు కట్టండి, వచ్చే నెలలోనే వంగ పెట్టుకోవచ్చు. 40 గజాలకు పచ్చిరొట్ట వేయడం అంటే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం.

ఇంటివెనక_40గజాలు (మే 24)

పక్కసందు రెండున్నర అడుగులు, ట్రాక్టర్ రాదండీ. తట్టలతో మోయించాలంటే కూలీ మట్టి కంటే ఎక్కువ అడుగుతున్నారు. పోయినేడు ఆరు బస్తాల పెంట మోయించాను, అందులోంచి వచ్చిన గడ్డి, వయ్యారిభామ ఇంకా పీకుతూనే ఉన్నాను.

లంక_మడి (మే 25)

అమ్మా, మీ మేనమామ గారు చెప్పింది సరైన మాటే. మాది గోదావరి డెల్టా. చిన్నప్పటినుంచీ జీలుగ, జనుము, పిల్లిపెసర లాంటి పచ్చిరొట్ట పైర్ల మధ్యే పెరిగాం కాబట్టి నాకు తెలిసింది చెబుతాను, కొంచెం పొడుగైనా చదవండి.

ముందు విత్తనం లెక్క. పొలంలో జీలుగ ఎకరానికి 12 కిలోలు వేస్తాం. ఎకరం అంటే 4,840 గజాలు, ఆ లెక్కన మీ 40 గజాలకు వంద గ్రాములు చాలు. కానీ చేత్తో చల్లే అలవాటు లేనివాళ్లకీ, నేల గట్టిగా ఉన్న చోటా సగం మొలవదు కాబట్టి 200 గ్రాములు అనుకోండి. పెరట్లో ఒత్తుగా ఉంటేనే మంచిది, కాండం సన్నగా, లేతగా వస్తుంది, కలుపుకు ఎండ తగలదు. సబ్సిడీ విత్తనానికి పాసుపుస్తకం అడుగుతారు, మీకు అది కుదరదు, విడిగా అమ్మే విత్తనాల షాపు చూసుకోండి. ఇంకోటి, షాపులో జీలుగ విత్తనం అని స్పష్టంగా చెప్పండి. మన్యంలో కల్లు గీసే చెట్టునీ జీలుగే అంటారు, బెండు బొమ్మలు చేసే నీటి మొక్కనీ జీలుగే అంటారు, మూడూ వేరు.

జనుమా జీలుగా అంటే, మీ దగ్గర నీళ్లు ఇంకడం లేదంటున్నారు కాబట్టి జీలుగే. నీళ్లు నిలిచినా తట్టుకుంటుంది, సున్నం, సిమెంటు పడి చౌడులా తయారైన నేలనీ ఓర్చుకుంటుంది. జనుము మంచిదే కానీ కాళ్ల కింద నీళ్లు నిలిస్తే పసుపెక్కి పోతుంది. మా తాతగారి రోజుల్లో జనుము నారతో మోకులు పేనేవాళ్లు, ఇప్పుడు మాకూ అది పశువుల మేతకే.

ఇక అసలు సంగతి. జీలుగ చల్లడం ఎవడైనా చల్లుతాడు, సమయానికి కోసేవాళ్లే తక్కువ. విత్తిన 40-45 రోజులకి, మొదటి పసుపు పూలు అక్కడక్కడా కనపడగానే కొడవలి పట్టాలి. ఇంకో పది రోజులు చూద్దాం, ఇంకాస్త రొట్ట వస్తుంది అనుకున్నారా, అయిపోయింది. ఒక ఏడాది మా నాన్నగారికి ఒంట్లో బాగోక, కాలువ నీళ్లు ఆలస్యమై, మా రెండెకరాల జీలుగ 75 రోజులు నిలబడిపోయింది. ఆరడుగులు దాటింది, కాండం చిటికెన వేలు లావు. దమ్ము చేస్తుంటే, అంటే నీళ్లు పెట్టి దున్నుతుంటే, చక్రాల కింద పటపటా విరిగిందే కానీ మట్టిలో కలవలేదు. ఊడ్పుకి దిగిన ఆడవాళ్ల పాదాలకు పుల్లలు గుచ్చుకుని ఆ రోజు మేం తిన్న తిట్లు ఇప్పటికీ గుర్తే. ఆ పుల్లలు సంక్రాంతికి కూడా చివకలేదు. మిగిలినవి ఏరి మా అమ్మ చిక్కుడు పాదుకి ఊతం పెట్టుకుంది, అంతవరకే లాభం.

డిగ్రీ_చేలో (మే 25)

పైన చెప్పినదానికి కారణం ఒక ముక్కలో చెబుతాను. లేత మొక్కలో నత్రజని ఎక్కువ, పీచు తక్కువ, కాబట్టి సూక్ష్మజీవులు గబగబా తినేస్తాయి. ముదిరితే తిరగబడుతుంది, పీచు ఎక్కువై నత్రజని గింజల్లోకి వెళ్లిపోతుంది. అలాంటి పుల్లల్ని మట్టిలో కలిపితే వాటిని చివకబెట్టడానికి సూక్ష్మజీవులు మట్టిలో ఉన్న నత్రజనినే లాక్కుంటాయి, పైన పెట్టిన టమాటా పసుపెక్కి కూర్చుంటుంది. జనం పచ్చిరొట్ట వేస్తే మొక్క చచ్చింది అనేది ఇలాంటప్పుడే.

కోసి కలిపిన వెంటనే విత్తనాలు వేయడం కూడా తప్పే. పచ్చిగా కుళ్లేటప్పుడు మొలకల్ని కుళ్లబెట్టే శిలీంధ్రాలు కూడా విజృంభిస్తాయి. కనీసం రెండు మూడు వారాలు ఆగండి, మధ్యలో వాన లేకపోతే తడి పెట్టండి. వరిలో నిల్వ నీళ్లలో త్వరగా కుళ్లుతుంది, మీది మెట్ట నేల, అంత తొందరగా కాదు.

మీరు అడగని విషయం ఒకటి. మీ మొరం కింద నుంచి తవ్వి పోసింది, దాంట్లో ఎప్పుడూ పంట పండలేదు. జీలుగ వేళ్ల మీద బుడిపెలు కట్టే రైజోబియం బ్యాక్టీరియా అందులో ఉండకపోవచ్చు. అది లేకపోతే జీలుగ కూడా గడ్డిలాంటిదే, గాలిలో నత్రజని పట్టదు. రైజోబియం ప్యాకెట్లు దొరుకుతాయి కానీ పెసర, మినుము, బొబ్బర్లకి ఇచ్చేది జీలుగకి సరిగ్గా సరిపోదు, రకం వేరు. సులువైన దారి, మీ చుట్టుపక్కల ఎవరైనా నాటుకి ముందు జీలుగ వేసే రైతు ఉంటే ఆ పొలంలోంచి ఒక బుట్టెడు మట్టి తెచ్చి విత్తనంతో కలిపి చల్లండి. నెల రోజులకి ఒక మొక్క పీకండి, లాగకండి, పారతో తవ్వి తీయండి. బుడిపెని గోటితో చీలిస్తే లోపల గులాబీ రంగు ఉంటే పని జరుగుతున్నట్టు. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే లేదు.

ఈ బుడిపెలకీ, నులిపురుగు (మట్టిలో ఉండి వేళ్లలోకి దూరే, కంటికి కనపడనంత సన్నటి పురుగు) పడి వేరు ఉబ్బినదానికీ తేడా చూసుకోండి. రైజోబియం బుడిపె వేరు పక్కన అతికించినట్టు ఉండి వేలితో రుద్దితే ఊడొస్తుంది. నులిపురుగు ఉబ్బు వేరులోనే ఉంటుంది, ఊడదు. మీ బెండ వేళ్లకి అలాంటివి కనపడి ఉంటే మాత్రం జీలుగ, బొబ్బర్లు వద్దు, వాటిమీద ఆ పురుగు ఇంకా పెరుగుతుంది. అప్పుడు జనుము, బంతి మేలు.

ఇంటివెనక_40గజాలు (మే 25)

బెండ వేర్లు నున్నగానే ఉన్నాయండీ, ఉబ్బులేం లేవు, వంకర తిరగడమే. జీలుగే వేస్తాను.

ఇంకో టెన్షన్. నాలుగడుగులు పెరిగితే పాములు వస్తాయని మా అత్తయ్య ఇప్పటికే మొదలుపెట్టారు. వెనకాల ఖాళీ ప్లాట్లే, ముళ్లపొదలు. నిజంగా వస్తాయా?

లంక_మడి (మే 25)

ఎలుకా కప్పా ఉన్నచోటికి పాము వస్తుందమ్మా, జీలుగ కోసమని రాదు. కానీ వస్తే కనపడదు, అదే ఇబ్బంది. అత్తయ్యగారి మాట తీసెయ్యకండి. ఇంటి గోడకి మూడడుగులు, పంపు దగ్గరికి వెళ్లే దారి ఖాళీగా వదిలేసి చల్లండి. కోసే రోజు పొద్దున పది దాటాక, మోకాలిదాకా బూట్లు వేసుకుని, ముందు పొడుగు కర్రతో ఆ అంచు నుంచి ఈ అంచుకి తడుతూ రండి. పిల్లల్ని ఆ పూట లోపలే ఉంచండి.

ఎర్రనేల_ఎద్దు (మే 26)

అక్కా, మాది శ్రీ సత్యసాయి జిల్లా (పాత అనంతపురం), కదిరి పక్క. గోదావరి అన్న నీళ్లున్న సీమ నుంచి మాట్లాడుతున్నాడు, మా కథ వేరు. మాకు వాన వచ్చాక విత్తనం వెతుక్కుంటే అదను పోతుంది. అందుకని వానకి ముందే, పొడి దుక్కిలోనే చల్లేస్తాం. ప్రకృతి వ్యవసాయం వాళ్లు, అంటే 2016 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ రైతు సాధికార సంస్థ నడుపుతున్న కార్యక్రమం వాళ్లు, మాకు నేర్పించిన పని ఇది. ఒక్క జీలుగ కాదు, నవధాన్యాలు అంటాం గానీ మేం వేసేవి పదిహేను దాటుతాయి. సజ్జ, జొన్న, కొర్ర, కంది, అలసంద, పెసర, ఉలవ, అనుము, నువ్వులు, ఆముదం, గోగు, బంతి, ఇంట్లో మిగిలిన గోరుచిక్కుడు, దోస గింజలు, ఏది ఉంటే అది. వాటికి బంకమట్టి, ఘనజీవామృతం (పేడ, ఆవు మూత్రం కలిపి ఆరబెట్టిన ఎరువు), బూడిద పూతలాగా పట్టించి నీడలో ఆరబెడతాం. చీమలు ఎత్తుకుపోవు, చిన్న తుంపరకే మొలిచి చావదు, గట్టి వాన పడితేనే మొలుస్తుంది.

ఎందుకు ఇన్ని రకాలు అంటే, సజ్జ, జొన్న వేర్లు పైపొరలో జడలాగా అల్లుకుంటాయి, మట్టిని పొడిపొడి చేస్తాయి. కంది, ఆముదం నిట్టనిలువు దిగుతాయి. అలసంద నేల కప్పేస్తుంది. మీ మొరానికి ఒక్క జీలుగ కంటే ఈ కలగలుపు మేలని నా మాట. పైగా మధ్యలో గోంగూర, అలసంద కాయలు కోసుకుని తినొచ్చు, అత్తయ్యగారు కూడా మెత్తబడతారు.

ఒకటి మాత్రం నిక్కచ్చిగా చెప్తున్నా. కోసినాక అంతా మట్టిలో తిరగేయొద్దు. వేర్లు అట్లే ఉండనీ, పైది కోసి అక్కడే పరిచేయండి. ఎండాకాలం మా నేల మీద అరికాలు పెట్టలేం, ఆకు పరిచిన చోట చేయి పెడితే చల్లగా ఉంటుంది.

డిగ్రీ_చేలో (మే 26)

పరిచే పద్ధతితో నాకు గొడవ లేదు అన్నా, కానీ పైన పరిచిన పచ్చి ఆకులో నత్రజని కొంత గాలిలో కలిసిపోతుంది. నాలుగేళ్లుగా వేస్తున్న మెత్తటి నేల మీదైతే అదే మంచిది. గడ్డపార దిగని మొరంలో మొదటిసారి మాత్రం పై నాలుగైదు అంగుళాల్లో కలపడమే మేలు అంటాను. ఇంకో చిక్కు చెదలు. హైదరాబాద్ చుట్టూ ఎర్రనేలల్లో ఎండిన పుల్లలు పరిస్తే వారంలో చెద పట్టే చోట్లున్నాయి. ఇంటి గోడకి, తలుపు చెక్కలకి దగ్గరగా పరచకండి.

ఎర్రనేల_ఎద్దు (మే 26)

చెద తినేది ఎండిన పుల్లనే అన్నా, పచ్చి మొక్క జోలికి ఊరకే రాదు. కానీ గోడ మాట నిజమే, పొలంలో గోడలుండవు కాబట్టి నాకు తట్టలేదు.

మిద్దెతోట_పిన్ని (మే 27)

కుండీలవాళ్ల సంగతి కూడా ఒక మాట చెప్పనా. మాది కూకట్‌పల్లిలో మిద్దె తోట. వేసవిలో ఖాళీ అయిన టబ్బుల్లో వంటింటి పెసలు, బొబ్బర్లు, మెంతులే గుప్పెడు చల్లుతాను. పప్పుగా చీల్చనివి చాలావరకు మొలుస్తాయి. పాతికా ముప్ఫై రోజులకి పూత రాకముందే కత్తెరతో మట్టి దగ్గరకి కత్తిరించి అందులోనే వేసి పైన రెండు గుప్పెళ్లు పాత మట్టి. జీలుగ కుండీల్లో వద్దు, ఒకసారి వేశాను, వేరు టబ్బు అడుగు రంధ్రంలోంచి బయటికొచ్చి శ్లాబు మీద పాకింది, భయమేసింది.

బొబ్బర్లకి పేనుబంక పడుతుంది, కంగారుపడి మందు కొట్టకండి. నాలుగు రోజులాగితే అక్షింతల పురుగులు వస్తాయి. వాటికి అక్కడ తిండి దొరికితే మీ టమాటాల దగ్గరా ఉంటాయి.

ఎడిసన్_గోంగూర (మే 28)

మేం న్యూజెర్సీలో. ఇక్కడ లెక్క తలకిందులు, మీకు వేసవిలో ఖాళీ, మాకు చలికాలం ఖాళీ. గోంగూర, సొర, దొండ అన్నీ అక్టోబరు మంచుకి నల్లబడతాయి, ఆ తర్వాత ఏప్రిల్ దాకా నేల నగ్నంగా పడుంటుంది. అందుకని సెప్టెంబరు చివర్లోనే మొక్కల మధ్య రై (గోధుమలాంటి ధాన్యం, ఆవాలు కాదు) గింజలు చల్లుతాం. మంచు కింద కూడా చావదు, మార్చిలో మళ్లీ లేస్తుంది. మొదటి ఏడాది పచ్చగా ముచ్చటగా ఉందని మే నెల దాకా వదిలేశాను. ఛాతీ ఎత్తున కంకి వేసింది. పార దిగదు, పీకితే రాదు, కోస్తే మళ్లీ చిగురిస్తుంది. చివరికి నల్ల టార్పాలిన్ కప్పి నాలుగు వారాలు ఉంచితే చచ్చింది. దాని తర్వాత వేసిన కొత్తిమీర, పాలకూర గింజలు మొలవలేదు, రై కుళ్లేటప్పుడు చిన్న గింజల్ని మొలవనివ్వదట. నారు పెట్టిన టమాటాకి మాత్రం ఏమీ కాలేదు. ఇప్పుడు ఓట్స్ వేస్తున్నాను, మా చలికి అవే చచ్చి చాపలాగా పడిపోతాయి, నాకు పనిలేదు.

లంక మడి గారు చెప్పిన కొడవలి మాట దేశం మారినా మారలేదు.

ఇంటివెనక_40గజాలు (జూన్ 14)

చల్లేశానండీ. భువనగిరిలో ఒక షాపులో విడిగా కిలో ఇచ్చారు, అంతకంటే తక్కువ ఇవ్వనన్నాడు. ముందు రోజు సాయంత్రం జాగా అంతా తడిపి, పొద్దున్నే ఇద్దరు మనుషుల్ని పెట్టి పైన అరడుగు గుల్ల చేయించాను, ఒక్కరోజు కూలీ. పాలు పోసే పెద్దాయన వాళ్ల పొలంలో ఏటా జీలుగ వేస్తారట, ఆయన క్యాన్ వెనక సంచిలో మట్టి కట్టుకొచ్చి ఇచ్చారు. ఆయనకి నేను దేనికి అడుగుతున్నానో చివరిదాకా అర్థం కాలేదు, "మన్ను ఎందుకమ్మా, పాలు ఎక్కువ పోస్తా" అన్నారు. ఒక సంచే వచ్చింది, అది ప్రహరీ వైపు సగానికే సరిపోయింది.

రాత్రంతా విత్తనం నానబెట్టి మృగశిర వాన పడ్డ రెండో రోజు చల్లాను. మూడో రోజు లేచి చూస్తే పావురాలు, ముప్ఫైకి తక్కువ ఉండవు. పాత దోమతెర, రెండు చీరలు కప్పి, ఇంకో 200 గ్రాములు మళ్లీ చల్లాను. ఇప్పుడు రెండాకుల మీద ఉన్నాయి.

కూరగాయల సంగతి ఎవరూ చెప్పలేదు, ఎప్పుడు పెట్టుకోను?

లంక_మడి (జూన్ 14)

జులై చివరి వారం కోత. జులై మూడో వారంలో వంగ, టమాటా, మిరప నారు ట్రేలలో పోసుకోండి, ఆగస్టు మధ్యకి నారూ సిద్ధం, నేలా సిద్ధం. మీరు వదులుకునేది జూన్‌లో వేసే బెండ ఒక్కటే, అది కూడా పోయినేడు మీకు ఏం కాసింది కనక.

ఇంటివెనక_40గజాలు (ఆగస్టు 19)

ఫలితం చెప్పకుండా మాయమైతే బాగోదని రాస్తున్నా.

జులై మూడో వారంలో నారు పోశాను. 26న కోశాం, విత్తి నెలన్నర అయ్యాక. అప్పటికి పూలు నాలుగైదే ఉన్నాయి, ఇంకొన్నాళ్లు ఉంచాలనిపించింది, కానీ ఊడ్పు ఆడవాళ్ల తిట్లు గుర్తొచ్చి ఆగలేదు. పాలాయన మట్టి చల్లిన వైపు జీలుగ నా భుజాల దాకా ముదురు ఆకుపచ్చగా వచ్చింది. ఆ మట్టి పడని వైపు నడుం దాటలేదు, నిమ్మపండు రంగు. మధ్యలో గీత గీసినట్టు తేడా, మేడ మీద నుంచి చూస్తే తెలిసిపోయేది. రెండు వైపులా మొక్కలు తవ్వి చూశాను. మట్టి చల్లిన వైపు వేరు మొదట్లో ఆవగింజ నుంచి పెసరగింజ దాకా బుడిపెలు గుత్తులుగా, గోటితో నొక్కితే లోపల చిగుళ్ల రంగు. మట్టి పడని వైపు వేరు నున్నగా ఉంది, పది మొక్కలు తీస్తే ఒకదానికి రెండు బుడిపెలు, అవీ తెల్లగా. అన్నిటికంటే నాకు నచ్చింది వేరు పొడవు. పొడుగ్గా ఉన్న ఒక మొక్క వేరు అడుగు దాటి దిగి అక్కడ తెగింది, చివర ఇంకా కిందే ఉండిపోయింది. బెండ పక్కకి తిరిగిన చోటు దాటి అది తిన్నగా దిగిపోయింది.

డిగ్రీ గారు, ఎర్రనేల అన్న ఇద్దరి మాటా పోగొట్టుకోలేక జాగాని అడ్డంగా రెండు చేసి సగం కలిపాను, సగం పరిచాను. కలిపిన చోట నాలుగు రోజులు మురుగు వాసన, మావారు డ్రైనేజీ లీకయిందని ప్లంబర్‌కి ఫోన్ చేశారు. మూడు వారాలకి ఆకు జాడ లేదు, పుల్లలు మాత్రం కొన్ని ఉన్నాయి. పరిచిన చోట పైన ఎండు చాప, ఎత్తి చూస్తే అడుగున చెమ్మ, మూడు వానపాములు. మూడే, కానీ ఈ ఇంట్లో మొదటిసారి చూశాను. ప్రహరీ పక్కన పరిచిన దానికి చెద పట్టింది, అది తీసేసి మధ్యలోకి లాగాను.

నీళ్ల పరీక్ష మళ్లీ చేశాను. నడిమధ్య గుంటలో బకెట్ నీళ్లు అరగంటలో ఇంకిపోయాయి. సెంట్రింగ్ కర్రలు పేర్చిన మూల మాత్రం ఇంకా అంతే, అక్కడ జీలుగ కూడా సరిగ్గా రాలేదు.

డిగ్రీ_చేలో (ఆగస్టు 19)

బాగా గమనించారు. ఒక్క మాట, ఒకసారి వేయడంతో నేల మారిపోయిందనుకోకండి. పొలం లెక్కన ఎకరానికి ఎనిమిది టన్నుల రొట్ట అనుకుంటే మీ 40 గజాలకి 65 కిలోలు, అందులో నాలుగింట మూడు వంతులకి పైగా నీళ్లే. మిగిలిన పొడి భాగంలో కూడా చాలావరకు సూక్ష్మజీవులు తిని ఊపిరిగా వదిలేస్తాయి. మన ఎండలకి ఇంకా వేగంగా. ఈసారి మీకు దక్కింది ముఖ్యంగా ఆ వేర్లు చేసిన దారులు, కాస్త నత్రజని. మార్చిలో టమాటా అయిపోగానే నీళ్లున్నంత మేర బొబ్బర్లు వేయండి, జూన్‌లో మళ్లీ జీలుగ. ఆ మూలకి గడ్డపార తప్పదు.

ఎర్రనేల_ఎద్దు (ఆగస్టు 20)

జూన్‌లో జీలుగ కాదు, నవధాన్యాలు 😀

పరిచిన సగంలో టమాటా ఎట్లుందో, కలిపిన సగంలో ఎట్లుందో దీపావళికి రాయి అక్కా.

ఇంటివెనక_40గజాలు (ఆగస్టు 20)

రాస్తాను. రెండు వైపులా ఆరేసి టమాటా, నాలుగేసి వంగ, ఒకే ట్రే నారు పెట్టాను, తేడా తెలియాలని. జీలుగ విత్తనం ఇంకా 600 గ్రాములు మిగిలింది. ఘట్‌కేసర్, బోడుప్పల్ వైపు ఎవరికైనా కావాలంటే మెసేజ్ పెట్టండి, ఊరికే ఇస్తాను. దోమతెర మాత్రం మీరే చూసుకోవాలి.